పుస్తకంలో లేని పేజీ

"నేను కుట్టను," అంది అత్త.

పొద్దున్నుంచి ఆవిడ నోరు విప్పి అన్న మొదటి మాట అది. ముందు గదిలో చాప మీద, రోజూ కూర్చునే చోటే కూర్చుంది. ఎదురుగా కుట్టు చట్రం నిలబెట్టి ఉంది. పక్కన, పాత పుస్తకాల్ని విప్పదీసిన ఫారాలు, మడిచిన పేజీల కట్టలు, దొంతరలుగా పేర్చి ఉన్నాయి. దారానికి మైనం కూడా రాసి పెట్టుకుంది. చేతులు మాత్రం ఒళ్ళోంచి కదలడం లేదు.

"కుట్టనంటే ఎలా అక్కా?" బైండరు చేతిలో సుత్తి కింద పెట్టాడు. "రేపు లైబ్రరీవాళ్ళు బండి పంపిస్తారు. అన్నీ విప్పేసి కూర్చున్నాం. ఇప్పుడు వీటిని గోనెసంచిలో పోసి ఇవ్వనా?"

"ఇచ్చుకో. అబద్ధాలకోరు చేత్తో కుట్టిన పుస్తకాలు వాళ్ళకి మాత్రం ఎందుకు?"

"నిన్ను అబద్ధాలకోరని ఎవరన్నారిప్పుడు?"

"అననక్కర్లేదు. కొంతమంది మొహాలు చూస్తే చాలు, కళ్ళజోడు లేకుండానే చదువుకోవచ్చు."

ఆ 'కొంతమంది' గుమ్మంలో కూర్చుని ఉంది. బైండరు కూతురు, అత్తకు మేనకోడలు, కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న పిల్ల. ఇంట్లో అందరూ చదువులమ్మ అని పిలుస్తారు. ముద్దొచ్చినప్పుడు ఆ పేరు ఒకలా పలుకుతుంది, కోపమొచ్చినప్పుడు ఇంకోలా పలుకుతుంది. ఇవాళ ఎవరూ ఏ రకంగానూ పిలవలేదు. ఒళ్ళో కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చిన నవల పెట్టుకుని, దాన్ని తెరవకుండా, వదలకుండా కూర్చుంది.

లోపల్నుంచి తల్లి ఉడుకు బంక గిన్నె గుడ్డతో పట్టుకొచ్చి అక్కాతమ్ముళ్ళ మధ్య ఠపీమని పెట్టింది.

"ఎవరో ఒకరు వాడండి. మీరు ఎంతసేపైనా అలగొచ్చు, బంక అలిగితే మళ్ళీ పొయ్యి ముందు నిలబడాల్సింది నేను."

ఎవరూ నవ్వలేదు.

నిన్న సాయంత్రం అంటుకున్న మంట ఇది. చదివిన పుస్తకాలు తమకు రాయడం ఎలా నేర్పాయో చెబుతూ వ్యాసం రాయమని కాలేజీలో అడిగారు. చదువులమ్మ వ్యాసం లెక్చరర్‌కు నచ్చింది. వారపత్రికకు పంపిస్తానంది. అది అచ్చయితే సెలవుల్లో సంపాదకుడి దగ్గర కూర్చుని పని నేర్చుకోవచ్చు. ఈ లోకంలో చదువులమ్మ కోరుకున్నదల్లా ఆ ఒక్క కుర్చీ.

వ్యాసమంతా ఒక పేజీ మీద నిలబడింది. ఇంట్లో వాళ్ళు 'పడవ నవల' అని చెప్పుకునే పాత పుస్తకంలోది ఆ పేజీ; చిన్నప్పుడు అత్త చదివి వినిపించింది. పడవ మునిగిపోయిన కబురు చెప్పడానికి నలుగురు మనుషులు ఆ పడవ నడిపే సరంగు ఇంటికొస్తారు. సరంగు భార్య అతని చొక్కా చేతి అంచు కుడుతూ ఉంటుంది. వాళ్ళు గుమ్మంలో నిలబడి గాలి గురించీ వాన గురించీ మాట్లాడతారు. ఆవిడ తలెత్తదు, కుడుతూనే ఉంటుంది. చివరికి చెప్పాల్సింది చెప్పేసి వాళ్ళు వెళ్ళిపోయాక పంటితో దారం తెంపుతుంది. చూస్తే చొక్కా చేతి మొన మొత్తం మూసుకుపోయి ఉంటుంది, అందులోంచి ఇక చెయ్యి బయటికి రాదు. ఆ పేజీ అక్కడితో అయిపోతుంది.

"ఈ నవల రెండుసార్లు తిరగేశాను," అంది లెక్చరర్, నిన్న. "నువ్వు రాసిన పేజీ ఇందులో లేదు. ఏ ముద్రణలో చదివావో తెచ్చి చూపించు. లేదంటే ఆ పేరా కొట్టెయ్యి. పుస్తకంలో లేనిది ఉందని రాస్తే నేను పంపించలేను. రేపు మధ్యాహ్నం పత్రికాఫీసుకు వెళ్తూ మీ ఇంటికే వచ్చి తీసుకుంటాను."

చదువులమ్మ లైబ్రరీ పుస్తకం పట్టుకుని ఇంటికి పరిగెత్తింది. ఆ చోట సరంగు భార్య గుండెలు బాదుకుంటుంది, మూర్ఛపోతుంది, ఆ తర్వాత పేజీలకు పేజీలు నది హోరు. "ఆ పేజీ ఏది అత్తా?" అని పుస్తకం అత్త ముందు పడేసింది. అత్త కళ్ళజోడు పెట్టుకుని, ఆ చోటు వెతికి, నిదానంగా చదివింది. చదివి, "ఓహో, ఇలా రాశాడా?" అంది.

అప్పుడే చదువులమ్మ నోరు జారింది. "అయితే ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశావా?"

అంతే. అత్త కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది.

"అసలు తప్పెవరిదో తేల్చండి," అన్నాడు బైండరు ఇప్పుడు. "నువ్వు చదివి వినిపించేటప్పుడు కల్పించావు. అదేమో దాన్ని వేదవాక్కనుకుని కాలేజీకి మోసుకెళ్ళింది. మధ్యలో పని ఆగింది నాది."

"తెల్లారిన దగ్గర్నుంచీ నీకు పనే కనపడుతోంది."

"పని కాదక్కా, మాట. నాన్న మాట. కాగితం పోయిన పుస్తకం వస్తే నాన్న ఏం చెయ్యమన్నాడు?"

అత్త మొహం గోడవైపు తిప్పుకుంది.

"చదువులమ్మా, నువ్వు చెప్పు. ఏం చెయ్యాలి?"

"పోయిన చోట తెల్లకాగితం కుట్టాలి," అంది చదువులమ్మ నేల చూస్తూ.

ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు వచ్చే పాఠం అది. పుస్తకం ఎన్ని పేజీలు పోగొట్టుకుని వస్తే అన్ని తెల్లకాగితాలు వేసి కుట్టాలి. పుస్తకం సొంతదారుకు ఎప్పుడైనా ఇంకో ప్రతి దొరికితే ఆ పేజీ చూసి అక్కడ రాసుకుంటాడు. అది అతని హక్కు. బైండరు చెయ్యి అట్ట దగ్గరా కుట్టు దగ్గరా ఆగాలి, అక్షరం జోలికి పోకూడదు. తాత పోయి ఏళ్ళు గడిచినా ఆయన మాటే ఆ ఇంట్లో చెల్లుతుంది. బైండరు ఏ పని మొదలుపెట్టినా "నాన్న అయితే" అనే మొదలుపెడతాడు.

"నాన్న ఉంటే ఈ సంగతికి నిన్ను చాప మీంచి లేపేసేవాడు," అన్నాడు.

"లేస్తాను. ఇప్పుడే లేస్తాను. నాకేం మోకాళ్ళు పడిపోలేదు." అని, మోకాళ్ళు పట్టేసి, లేవలేక అలాగే కూర్చుంది.

బైండరు విసురుగా చెప్పులు వేసుకుని అట్టలు తేవడానికి బయటికి పోయాడు.

తల్లి కూతురి భుజం మీద ఒకటి వేసింది. "ఇంకా చూస్తావేం? వెళ్ళి ఫారాలందించు. అందించే మనిషి లేకుండా ఆవిడ మాత్రం ఎలా కుడుతుంది?"

"మాట్లాడదమ్మా."

"మాటలు అందించమన్నానా? ఫారాలందించు."

చదువులమ్మ వెళ్ళి చట్రానికి ఇవతల కూర్చుంది. పై ఫారం తీసి, మడత సరిచేసి, చట్రం మీద ఆనించి పట్టుకుంది. అత్త చూసింది. ఎదురుగా ఫారం ఆనించి పెడితే ఊరుకోవడం ఆవిడ చేతులకు తెలియదు. కాసేపటికి సూది అందుకుంది.

రెండు మూడు ఫారాలు అలాగే మాటల్లేకుండా నడిచాయి. చదువులమ్మ అందిస్తూ ఆ చేతుల్నే చూసింది. తన చదువంతా ఈ చేతుల ముందు జరిగిందే. వాళ్ళ ఇంటికి జబ్బు చేసిన పుస్తకాలే వస్తాయి. నయం కాగానే వెళ్ళిపోతాయి. ఒక్కటీ నిలవదు. అందుకే అత్త కుట్టే ముందు ఒకసారి పైకి చదివేది. ఫారాలు ఏ వరసలో చేతికొస్తే ఆ వరసలో చదివేది. కథ మధ్యలో మొదలై, మొదటికి వచ్చి, చివరికి పోయేది. పెళ్ళయిపోయిన మనుషులు తర్వాతి ఫారంలో మళ్ళీ చిన్నపిల్లలైపోయేవాళ్ళు. "నీ కథలు భలే మధ్యలోంచి ఎత్తుకుంటావు, ఎక్కడ నేర్చుకున్నావు?" అని లెక్చరర్ మెచ్చుకున్నప్పుడు చదువులమ్మ గర్వంగా నవ్వి ఊరుకుంది గానీ, అది చాప మీద ఫారాలు పడి ఉన్న తీరని ఇప్పుడు తట్టింది.

రేపు ఈ పుస్తకం ఉండదని తెలిసి చదివిన చదువు అది. ఒక వాక్యం నచ్చితే అప్పటికప్పుడు మనసులో దాచుకోవాలి. అలా దాచుకున్న వాక్యాల మీదే ఆమె రాత నిలబడింది. మొదట్లో కథలు రాసినప్పుడు పెద్ద పెద్ద మాటలన్నీ తెచ్చి కుమ్మరించేది. రాసింది అత్తకు చదివి వినిపించేది. అత్త బాగుందనీ అనేది కాదు, బాగాలేదనీ అనేది కాదు, కుట్టుకుంటూ వినేది. ఎక్కడైనా సూది ఆగిందంటే చదువులమ్మ ఆ వాక్యం ఉంచేది, ఆగకపోతే కొట్టేసేది. ఏ లెక్చరరూ అంత కచ్చితంగా మార్కులు వేయలేదు.

"ఆ పడవ పుస్తకంలో పేజీ ఏమైంది అత్తా?" అని మెల్లిగా అడిగింది.

"ఎలుక కొట్టేసింది."

"లేదని చెప్పొచ్చుగా."

"నీకా?" అత్త సూది ఎత్తి చూపించింది. "ఒళ్ళు కాలిపోతోంది నీకప్పుడు. జ్వరం. సరంగు ఇంటి ముందు నలుగురొచ్చి నిలబడ్డారు అని చదివాను, కాగితం అయిపోయింది. నువ్వు కళ్ళు ఇంతింత చేసుకుని 'తర్వాత?' అన్నావు. పేజీ లేదమ్మా పడుకో అంటే పడుకునే పిల్లవేనా? ప్రాణం తోడేసేదానివి. నోటికొచ్చింది చెప్పాను."

"నోటికి అలా ఎలా వచ్చింది?"

"ఏమో. పక్కన నీ గౌను చెయ్యి కుడుతున్నాననుకుంటా."

చదువులమ్మ ఫారం పట్టుకుని అలాగే ఉండిపోయింది. చిన్నప్పటినుంచి ఆమె ఆ పేజీ రాసిన రచయితను ఊహించుకునేది. పెద్ద బల్ల, కిటికీ, మౌనం. ఆ ఊహలో చాప ఎప్పుడూ లేదు.

"మరి మిగతావి?" అంది. గొంతులో భయం ఉంది, ఆశా ఉంది. "ఆ రైలు కథలో ముసలాయన ఎవరూ దిగని స్టేషన్లో దిగి, వెళ్ళిపోతున్న రైలుకి టాటా చెప్తాడు చూడు, అది?"

"అది పుస్తకంలోదే. నేను మార్చలేదు. మార్చడానికేముంది, ఎంత బాగుంటుందో!"

"డాక్టరు కూతురు పరీక్ష తప్పి ఇంటికొచ్చి, వాళ్ళ నాన్న చెప్పులు తుడుస్తూ కూర్చోవడం?"

అత్త దారం సవరించుకుంది. "అక్కడ చెదలు."

"అత్తా!"

"అరవకు, మీ అమ్మ వస్తుంది."

"కవలల కథలో తమ్ముడు అన్న సంతకం పెట్టడం?"

"సంతకం వాళ్ళది. చెయ్యి వణకడం నాది."

"జడ్జిగారు ఆఖరిరోజు కోర్టుకి ఆలస్యంగా రావడం?"

"ఆ పుస్తకానికి ఆఖరు ఫారమే లేదే. ఎలాగోలా ముగించాలా వద్దా? ఆయన్ని ఊరికే ఇంట్లో కూర్చోబెట్టలేను కదా."

చదువులమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నోటికి అడ్డంగా ఫారం పెట్టుకుంది. "ఫారం! తడుస్తుంది!" అని అత్త లాక్కుంది.

"నిన్న మోసం అన్నాను. తప్పయిపోయింది అత్తా."

"అన్నావులే."

"నేను రాయడం నీ దగ్గర నేర్చుకున్నానా, వాళ్ళ దగ్గర నేర్చుకున్నానా?"

అత్త ముడి వేసి, దారం బిగించి చూసింది.

"నా దగ్గరేముంది? ఆ సరంగు ఎలా నడుస్తాడో, ఆ ఇంట్లో ఏ మూల ఏముందో, ఆవిడ ఎలాంటిదో అంతా ఆయన రాసిందే. చిరిగిన చోటిదాకా ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఒక్క అడుగు నేను వేశానంతే. ముందు పేజీలు సరిగ్గా చదివితే తర్వాత పేజీ ఎలా ఉంటుందో నీకే తెలుస్తుంది. అందరికీ తెలుస్తుంది."

అందరికీ తెలియదని చదువులమ్మకు బాగా తెలుసు. తెలిసిన మనిషి ఇన్నాళ్ళూ తన ఇంట్లోనే, మోకాళ్ళ నొప్పులతో, రోజుకొకసారి బంక పల్చగా ఉందని సణుగుతూ ఉంది. ఆ క్షణాన ఆమెకు అత్త మీద కలిగిన గౌరవం ఏ పుస్తకం మీదా కలగలేదు.

"నీ పేరు రాస్తాను," అంది. "మా అత్త చెప్పిన పేజీ అని రాస్తాను."

అత్త మొహం మారిపోయింది.

"రాశావంటే ఈ చాప మీద మళ్ళీ కూర్చోను. ఒట్టు."

"ఎందుకత్తా?"

"ఎందుకేమిటి? పత్రికలో వస్తుంది. నలుగురూ చదువుతారు. ఆ బైండింగు ఇంట్లో పుస్తకాల్లోకి సొంత కవిత్వం ఎక్కిస్తారట అనుకుంటారు. ఎవరిస్తారు మీ నాన్నకి పుస్తకాలు? మా నాన్న పోయాక వాడు ఈ కొట్టు ఎలా నిలబెట్టాడో నాకు తెలుసు. ఆ పేరా తీసెయ్యి. మిగతాది బాగానే ఉంది కదా."

"అది తీసేస్తే మిగతాది ఉత్త అట్ట."

"అట్ట చాలామందికి సరిపోతుంది," అంది అత్త. "నా మాట ఎత్తనని చెప్పు."

చదువులమ్మ చేతిలోని ఫారం మడతను గోటితో రుద్దింది. అత్త సూది పట్టుకుని, కుట్టకుండా, ఎదురుచూసింది.

"ఎత్తను," అంది చదువులమ్మ చివరికి.

* * *

మధ్యాహ్నం లెక్చరర్ వచ్చింది. భుజానికి సంచి, చేతిలో గొడుగు. బైండరు అప్పుడే అట్టలు దించుకుని వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీ మీది కత్తిరింపులన్నీ చేత్తో తుడిచేశాడు.

"కూర్చోండి మేడం గారూ. ఇల్లంతా చెత్త, ఏమనుకోకండి."

"పుస్తకాలున్న ఇంట్లో చెత్తేముందండీ," అని కూర్చుని, ఆవిడ చుట్టూ చూసింది. కొత్త అట్టల కింద బిగించిన పుస్తకాలు, విప్పిన పుస్తకాలు, చాప మీద తల వంచుకుని కుడుతున్న పెద్దావిడ. చూసిన వాటన్నిటి దగ్గరా ఆవిడ కళ్ళు కాస్త ఆగాయి. మంచి మనిషే. కాకపోతే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఉండాలనే మనిషి.

"ముద్రణ దొరికిందా?" అని అడిగింది శిష్యురాల్ని.

"లేదు మేడం. ఆ పేజీ ఏ ముద్రణలోనూ లేదు."

"మరి ఎక్కడ చదివావు?"

"చదవలేదు. విన్నాను."

"ఎవరి దగ్గర?"

బైండరు కత్తెర పట్టుకుని అటు తిరిగాడు. అత్త సూది ఆగలేదు, ఇంకా వేగంగా నడిచింది. తల్లి లోపలి గుమ్మంలో నిలబడిపోయింది.

"చెప్పకూడదు మేడం. మాటిచ్చాను."

లెక్చరర్ మొహంలో కోపం లేదు. "చూడమ్మా, ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పేజీయే. నిన్న ఇంటికెళ్ళి కూడా దాని గురించే ఆలోచించాను. కానీ ఎవరిదో చెప్పకుండా ఎలా పంపను? ఆ రచయితది అంటే అబద్ధం. నీదంటే దొంగతనం. ఎవరిదీ కాదంటే సంపాదకుడు ఊరుకోడు. ఉన్న దారి ఒక్కటే. కొట్టేద్దాం."

"కొట్టెయ్యండి మేడం." చదువులమ్మ వ్యాసం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. సంపాదకుడి పక్క కుర్చీ ఇంకా దొరకొచ్చు. దొరికినా, అందులో కూర్చునేది సగం మనిషే.

లెక్చరర్ కలం తీసింది. కొట్టేసే ముందు, మనసు ఒప్పక కాబోలు, ఆ పేరా ఒకసారి పైకి చదివింది.

"'కబురు విన్న ఆ భార్య ఏడవదు. దుఃఖంలో మైమరచి, ఏం చేస్తున్నదో తెలియక, భర్త చొక్కా చెయ్యి మూసుకుపోయేలా కుట్టేస్తుంది. మనిషి గుండెలో జరిగేది చేతుల్లో చూపించాలని ఆ పేజీ నాకు నేర్పింది...'"

"మైమరచి కాదు."

అందరూ తిరిగి చూశారు. అత్త సూది పైకెత్తి పట్టుకుని ఉంది. మొహం ఎర్రబడింది.

"ఏమన్నారమ్మా?" అంది లెక్చరర్.

"మైమరచి కుట్టలేదు ఆవిడ. తెలిసే కుట్టింది." అత్తకు ఇక ఆగాలన్నా ఆగేలా లేదు. "వాళ్ళు గుమ్మంలో నిలబడ్డప్పుడే ఆవిడకి అర్థమైపోయింది. అందుకే తలెత్తలేదు. వాళ్ళు ఆ మాట అనేలోపు కుట్టు పూర్తవాలి. ఆ చొక్కాలో ఇంకెవరి చెయ్యీ దూరకూడదు. అదీ సంగతి. ఏం చేస్తున్నదో తెలియక అంటే ఏమిటి, పిచ్చిదైపోయిందనా? అంత వెర్రిదాన్ని నేనెందుకు చేస్తాను?"

అనేశాక, తనేం అన్నదో తనకే వినపడింది.

చదువులమ్మ అత్తనే చూస్తోంది. ఇన్నేళ్ళు మనసులో దాచుకుని, దాని మీద వ్యాసం రాసి, ఆ పేజీని తను సరిగ్గా చదవనేలేదు! సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది. తెలిసే కుట్టింది. అవును, అలాగే కదా ఉండాలి. ఆ ఒక్క మాటతో పేజీ అంతా లేచి కూర్చుంది.

"మీరా?" అంది లెక్చరర్.

అత్త చుట్టూ చూసింది. దాక్కోవడానికి చాప తప్ప ఏమీ లేదు.

"నేనే. ఆ పేజీ నాది."

"మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా?"

"జరగాలా ఏమిటి?" అత్తకు చిరాకేసింది. "నేను పడవ ఎక్కలేదు, సరంగు మొహం ఎలా ఉంటుందో చూడలేదు. పెళ్ళే చేసుకోలేదు. జరిగిందే చెప్పాలంటే నా దగ్గర బంకా దారం తప్ప ఏముంది?"

లెక్చరర్ నవ్వింది. నవ్వి, కొట్టేయడానికి తీసిన కలాన్నే మళ్ళీ సవరించుకుంది. "అయితే దీన్ని కొట్టెయ్యక్కర్లేదు. 'తెలిసే కుట్టింది' అని దిద్ది, పక్కన మీ పేరు రాస్తే చాలు. రాయమంటారా?"

అత్త ఆవిడ వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూసింది.

బైండరు ఇంకా అటు తిరిగే ఉన్నాడు. కత్తెర చేతిలోనే ఉంది. తిట్టబోతున్నాడనుకుంది చదువులమ్మ. తెల్లకాగితం మాట మళ్ళీ ఎత్తుతాడనుకుంది.

"ఒక్క నిమిషం మేడం గారూ," అన్నాడు అతను. తిట్టే గొంతు కాదు. చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "ఆ పేరు రాసేముందు మా అక్క నాకొకటి చెప్పాలి."

ఇటు తిరిగాడు.

"అక్కా, నాన్న పోయేటప్పుడు నేను లేను. ఆయనతో గొడవపడి, మాటలు మానేసి, ఇల్లు వదిలి వెళ్ళిపోయాను. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. దగ్గరున్నది నువ్వొక్కదానివే. 'వాడి మీద నాకు కోపం లేదు, కొట్టు వాడే చూసుకోవాలి' అన్నాడని నువ్వే చెప్పావు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చున్నాను." కత్తెర కింద పెట్టాడు. "ఆ మాట నాన్నదా అక్కా? లేకపోతే... అదీ నీదేనా?"

లెక్చరర్ కలం మూసేసింది. తల్లి లోపలి గుమ్మం పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ 'తర్వాత?' అని అడుగుతూ వచ్చిన చదువులమ్మకు మొదటిసారి తర్వాతి మాట వినాలనిపించలేదు.

అత్త సూదిని జాగ్రత్తగా చట్రానికి గుచ్చింది. తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"నీకేది కావాలిరా?" అంది.